బోర్డు మీద ఒక్క పేరు

రాష్ట్రం దాటి వచ్చి డిండోలిలో స్థిరపడ్డ తెలుగు నేత కుటుంబాల సహాయ సంఘానికి లెక్కలు చూసే పెద్దమనిషి ఒకరు కావలసి వచ్చినప్పుడు అందరూ నాగభూషణం సారు వైపు చూశారు. తన నిజాయితీని చూసి అడుగుతున్నారని ఆయన అనుకున్నాడు. మిగతావాళ్లెవరూ ఒప్పుకోలేదని కార్యదర్శి సోమలింగం తర్వాత చెప్పాడు. సారు మున్సిపాలిటీ వారి తెలుగు బడిలో తెలుగు చెబుతాడు. ఒకే కూడిక రెండుసార్లు వేస్తే రెండు జవాబులు వచ్చే మనిషి. అయినా కాదనలేకపోయాడు.

సంఘం పని చిన్నదే. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే కుటుంబాలు నెలనెలా తలా కొంత వేస్తాయి. ఎవరికైనా జబ్బు చేస్తే మందులకు ఇస్తారు. ఎవరైనా పోతే ఇంటికి ఐస్ పెట్టె, శ్మశానానికి బండి పంపిస్తారు. సిరిసిల్ల నుంచో కరీంనగర్ నుంచో అయినవాళ్లు రైలెక్కి వచ్చేదాకా మనిషిని ఉంచాలి కనుక సంఘం సొంతంగానే ఒక పెట్టె కొని పెట్టుకుంది.

పాత కమిటీ లెక్కల్లో "వైద్య సహాయం" అని ఒక్క ముక్క, దాని పక్కన ఒక పెద్ద అంకె ఉండేవి. ఎవరి వైద్యమని అడిగితే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. సారుకు కోపం వచ్చింది. బడిలో పరీక్షల మార్కులు గోడకు అంటించే అలవాటు ఆయనది. సంఘానికీ అదే మందు వేశాడు. ఏడాదికొక ఫ్లెక్సీ బోర్డు. సహాయం పొందినవారి పేరు, తండ్రి లేక భర్త పేరు, గల్లీ, కారణం, మొత్తం. దాన్ని సంఘం గది గేటుకు, వడాపావ్ బండి పక్కన, దారిన పోయే ప్రతివాడూ చదివేలా కట్టించాడు. తెలుగు రానివాళ్లకు అన్యాయం జరగకూడదని పక్కనే హిందీలో కూడా వేయించాడు.

కారణం గడి మీద ఆయనకు ప్రత్యేకమైన శ్రద్ధ. "మా ఆయన పోయిండు" అని చెప్పిన ఆమెకు "భర్తృ వియోగానంతర సహాయము" అని రాసిపెట్టాడు. పెట్టె వాడుకున్నా వాడకానికి వెలకట్టి రాయాల్సిందేనని, వస్తు రూపంలో ఇచ్చేది కూడా సహాయమేనని సర్వసభ్య సమావేశంలో అరగంట మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు. అన్నాలు చల్లారిపోతున్నాయని కొట్టారని ఇంటికొచ్చాక ఊర్మిళ చెప్పింది.

ఊర్మిళ ఆయన భార్య. ఆయన పెద్ద మాట ఒకటి అంటే చిన్న మాట ఒకటి అని పోపు పెట్టుకోవడానికి లోపలికి వెళ్లిపోయే మనిషి. ఈ ఎండాకాలంలో ఆమె పోయింది. ఆ సంగతి సారు ఎక్కడా ఎక్కువ మాట్లాడడు. మాట్లాడబోతే వాక్యం చివర క్రియ దొరకదు.

వానలు తగ్గుముఖం పట్టాక మళ్లీ సర్వసభ్య సమావేశం దగ్గరపడింది. సోమలింగం సంచీ నిండా కాగితాలు తెచ్చి సారు బల్ల మీద పోశాడు.

"ఖజానా మస్తుగుంది సార్. సంఘం పుట్టినకాడి నుంచి ఇంత పైసా ఎన్నడు లేకుండె. ఫిక్స్‌డ్ల ఏసుకోండని బ్యాంకోడు ఎంటవడుతుండు."

సారుకు చాలా రోజుల తర్వాత కొంచెం సంతోషం కలిగింది. పారదర్శకత ఉంటే ఇచ్చేవాళ్లకు నమ్మకం కుదురుతుంది, నమ్మకం కుదిరితే నిధి పెరుగుతుంది. ఈ ముక్క సమావేశంలో ఎక్కడ ఆగి ఎక్కడ గొంతు పెంచి చెప్పాలో కూడా మనసులోనే సర్దుకున్నాడు.

"సరే, ఇక బోర్డు. ఈ ఏడాది సాయం తీసుకున్నవాళ్ల పేర్లు చెప్పు."

సోమలింగం చెవి గోక్కున్నాడు. "ఒక్కటే పేరు సార్."

"మొదటి పేరు అడగడం లేదయ్యా. అన్నీ చెప్పు."

"మొదటిది గదే, ఆఖరుది గదే. మీదే."

సారుకు వెంటనే అర్థం కాలేదు. ఊర్మిళ పోయిన రోజు కూతురు ఇందుజ హైదరాబాదు నుంచి వచ్చేదాకా ముందు గదిలో ఐస్ పెట్టె ఉండింది. అది ఎవరు తెచ్చారో, ఎవరు తీసుకెళ్లారో ఆయన అడగలేదు. తాపీ నది ఒడ్డుకు బండి ఎవరు మాట్లాడారో కూడా తెలియదు. పెట్టె వాడకం, బండి కిరాయి కలిపి నాలుగు వేల రెండు వందలు.

పేర్లు బయటపెట్టాలని అందరితో పోట్లాడిన మనిషే ఏడాది మొత్తానికి ఏకైక లబ్ధిదారు. పిల్లలెవరైనా ఇలాంటి కథ రాసుకొస్తే నమ్మేలా లేదని ఎర్ర సిరాతో రాసి మార్కులు తగ్గించేవాడు.

"ఆ డబ్బు ఇప్పుడే కట్టేస్తాను," అన్నాడు.

"కట్టుండ్రి, నేనొద్దంటనా? కాని తీసుకున్నది తీసుకున్నట్టే రాయాలన్నది మీ రూలే గద. మల్ల కట్టింది చందా కింద రాస్తం. గప్పుడు ఇచ్చినోళ్లల్ల మీరే, తీసుకున్నోళ్లల్ల మీరే."

సోమలింగం వెళ్లాక సారు కాగితం ముందు కూర్చున్నాడు. పేరు రాశాడు, గల్లీ రాశాడు. కారణం దగ్గర ఆగిపోయాడు. "భార్యా వియోగము" అని రాసి కొట్టేశాడు. "ధర్మపత్ని స్వర్గస్థురాలైనందున" అని రాస్తే ఊర్మిళ నవ్వుతుందనిపించింది. ఎవడో వడాపావ్ తింటూ, మధ్యలో మిరపకాయ కొరుక్కుంటూ ఆ వరస చదువుతాడు. చివర ధర చూస్తాడు. వేళ్లు తుడుచుకుని వెళ్లిపోతాడు. ఇన్నాళ్లూ ఈ గడి ఎంతమందికి ఎంత చకచకా నింపాడో తలచుకుంటే తన దస్తూరీ మీదే అసహ్యం వేసింది.

అప్పుడుగాని ఆయనకు రెండో సంగతి తట్టలేదు. ఏడాదిలో ఇంకెవరూ పోలేదా? ఊర్మిళ ఉండగానే బక్కయ్య పోయాడు కదా! తను కూడా వెళ్లాడు. మనిషిని ఐసు దిమ్మల మీద పడుకోబెట్టారు. చుట్టూ ఊక పోశారు. నీళ్లు గడప దాటి మోరీలోకి కారుతున్నాయి. సంఘం పెట్టె ఉండగా ఇదేమిటి, పాత పద్ధతి మీద మక్కువ కాబోలు అనుకున్నాడు సారు. అనుకోవడమే కాదు, పైకి అన్నాడు కూడా. ఏడుపుల్లో ఎవరికీ వినిపించకపోవడం ఆయన అదృష్టం.

మర్నాడు బడి వదిలాక బక్కయ్య ఇంటికి వెళ్లాడు. బక్కయ్య భార్య లింగవ్వ నేల మీద చీర పరుచుకుని అంచుకు మెరుపు రాళ్లు అతికిస్తోంది.

"రా సారూ, కూసో. జర చీర తొక్కకు, సేఠ్ పైసలు కోస్తడు."

సారు చీరకు దూరంగా కూర్చున్నాడు. "లింగవ్వా, ఆ రోజు సంఘం పెట్టె ఎందుకు అడగలేదు? గదిలో ఖాళీగానే ఉంది."

"పెట్టె ఉంటది సారూ. గేటు మీద నీ బోర్డు సుత ఉంటది." ఆమె తల ఎత్తలేదు. "నిరుడు భూదేవి మొగనికి మందులకిచ్చిర్రు. ఏం జబ్బో నువ్వు మంచిగ రాయిస్తివి. తెలుగుల రాస్తే రాస్తివి, హిందీల సుత రాయిస్తివి. కార్ఖాన సేఠ్ చదివిండు. దగ్గు జబ్బోడు నాకొద్దని సాంచా ఇంకోనికిచ్చిండు. దుకాణపోడు ఉద్దెర బంద్ వెట్టిండు. ఇగ నీ గేటు కాడికి ఎవరొస్తరు?"

సారు కాళ్లు ఇంకాస్త దగ్గరకు ముడుచుకున్నాడు.

"మా ఆయన సచ్చే ముంగట ఏమన్నడో ఎరుకేనా? నన్ను బర్ఫ్ మీద పండవెట్టుండ్రి, మోరీల ఏసుండ్రి, నా పేరు మాత్రం గా గేటుకు కట్టకుండ్రి అన్నడు."

"ఈ మాట నాకెవరూ చెప్పలేదు."

"ఊర్మిళమ్మకు చెప్పినం. ఆమె నీకు చెప్పలే?"

చెప్పింది. బోర్డు చదివేవాళ్ల సంగతి సరే, దాని మీద రాయబడినవాళ్ల సంగతి ఆలోచించావా అని ఒకనాడు అడిగింది. "రాయబడినవాళ్లు" అనడం తెలుగు తీరు కాదని సారు ఆమెకు నచ్చజెప్పాడు. ఉదాహరణలు కూడా ఇచ్చాడు. ఆమె విని పోపు పెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

సారు మళ్లీ లెక్కల దగ్గరికే వచ్చాడు. "మరి పేర్లు లేకపోతే లెక్క ఎట్లా? మళ్లీ ఎవరో ఒకరు మింగుతారు."

"ముగ్గురు ఆడోళ్లను పెట్టుండ్రి. ఎవరింట్ల పొయ్యి ముట్టలేదో మాకు ఎట్లనో తెలుస్తనే ఉంటది. పేర్లు మేం చూస్తం. బయట ఎంతొచ్చింది, ఎంత పోయింది, ఎంతమందికి పోయిందని రాయుండ్రి. సోమలింగం దొంగ పేరు చెప్తే, గసుంటోడు మా గల్లీల లేడని మేమే మొత్తుకుంటం."

సమావేశం రోజు సారు లేచి నిలబడ్డాడు. సర్దుకున్న ఉపన్యాసం ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.

"మన ఖాతాలో డబ్బు బాగా ఉంది," అన్నాడు. "అది మంచి వార్త కాదు. అడగడానికి ఎవరూ రాలేదు కనుక ఉంది. నా బోర్డు వల్ల రాలేదు."

ముందు వరసలో కూర్చున్న శ్యాంసుందర్ చెయ్యెత్తాడు. కమిటీ ఏదైనా సరే అనుమానించడం ఆయనకు వ్యసనం. "ఇంతకు ఈసారి బోర్డు మీద ఎవరెవరున్నరు సార్?"

"నేనొక్కణ్ణే."

హాలంతా గొల్లుమని నవ్వింది. ఎవరో వెనక నుంచి, "మొత్తం మీరే తింటిరా సార్!" అని అరిచారు. సారు కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"ఊర్మిళకు ఐస్ పెట్టె. శ్మశానానికి బండి. నాలుగు వేల రెండు వందలు."

లింగవ్వ చెప్పిన పద్ధతి ఆయన చెప్పాడు. అది లింగవ్వ చెప్పిందేనని, ఆమెతో పాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఇందుకు ఒప్పుకున్నారని కూడా చెప్పాడు. శ్యాంసుందర్ కాసేపు వాదించి, ఆ ముగ్గురిలో ఒకామె తన వదినే అని తెలిశాక ఇంకాసేపు వాదించి, చివరికి సరేనని చెయ్యెత్తాడు. భూదేవి మొగుడికి వేరే కార్ఖానలో సాంచా దొరికేదాకా నెలనెలా సంఘమే ఇవ్వాలని కూడా అనుకున్నారు.

"ఈ ఏడాదికి మాత్రం పాత నియమమే," అన్నాడు సారు. "నా పేరుతో బోర్డు కట్టండి. హిందీలో కూడా."

"ఏంది కట్టేది?" లింగవ్వ ఆడవాళ్ల మధ్య నుంచి లేచింది. "ఊర్మిళమ్మ పోయిన ముచ్చట గేటుకు కడతవా? ముగ్గుర్ల నేనొకదాన్ని గద. కట్టద్దంటున్న. కూసో సారూ."

సారు కూర్చున్నాడు. మెచ్చుకోదగ్గ శిక్ష ఒకటి తనకు తానే వేసుకుందామనుకున్నాడు, అదీ దక్కలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎవరో నవ్వుతున్నారు. ఆయనకు ఊపిరి తేలికైంది.

తర్వాతి సెలవు రోజు సంఘం గది తలుపులు తెరిచి ముగ్గురు ఆడవాళ్లూ చాప మీద కూర్చున్నారు. సారు కుర్చీ వేసుకుని గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు.

"సారూ," అంది లింగవ్వ, "నువ్వు గట్ల పరీక్షల కాడ లెక్క కూసుంటే ఎవరొస్తరు? పో, చాయ్ తాగిరా. నిమ్మలంగ తాగు."

సారు లేచి రోడ్డు దాటి చాయ్ కొట్టు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి వెనక గేటు కిర్రుమంది. చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది, ఆ వెంటనే ఇంకో జత. మెడ దానంతటదే తిరగబోయింది. సారు దాన్ని ఆపి, హజీరా వైపు పనివాళ్లను తీసుకెళ్తూ ఎదురుగా ఆగిన కంపెనీ బస్సు మీద రాసినదంతా చదవడం మొదలుపెట్టాడు. కంపెనీ పేరు, ఫోన్ నంబరు, తలుపు ఎటు తెరవాలో, దూరం పాటించమన్న హెచ్చరిక. అన్నీ అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదివాడు. బస్సు కదిలి వెళ్లిపోయింది.

కొట్టువాడు గ్లాసు అందుకుంటూ, "సార్‌జీ, ఔర్ ఏక్?" అన్నాడు.

వెనక ఇంకా ఎవరూ చెప్పులు వేసుకున్న చప్పుడు లేదు. "ఇవ్వు," అన్నాడు సారు, రోడ్డు వైపే చూస్తూ.