మూడో మెట్టు మీద అప్పన్న

వన్ టౌన్‌లో మా వీధి కొళాయికి ఎండాకాలంలో రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. అవీ సన్నగా, దగ్గుమందు సీసాలోంచి పోస్తున్నట్టు. మేముండేది మేడ మీద. పంతొమ్మిది మెట్లు. ఇరవయ్యోది ఇంటాయన కట్టకుండా మిగుల్చుకున్నాడు, అందుకని చివర్లో బకెట్టుతో సహా గెంతాలి.

మా చెల్లెలు గౌరీశ్వరి, ఆమె మొగుడు గంగాధరరావు పక్కవాటాలో ఉండేవాళ్లు. అతనూ నేనూ పోర్టులో గుమస్తాలం, ఇద్దరం నాస్తికులం. మా నాస్తిక సంఘానికి అతను కార్యదర్శి, నేను సహాయ కార్యదర్శిని. సభ్యులు ఐదుగురు. అందులో ఇద్దరు శనివారాలు అన్నం ముట్టరు. గ్యాసు అంటారు. ఒకసారి మినిట్స్ పుస్తకంలో నేను, దేవుడి దయవల్ల సమావేశం సజావుగా జరిగింది, అని రాశాను. గంగాధరరావు ఎర్రసిరాతో కొట్టేశాడు.

"రామ రామ, ఇదేటి రాత బావా? ఎవులైనా సూత్తే పరువు పోద్ది."

"అలవాటు బావా."

"మానాల. నానెప్పుడైనా అన్నానేటి?"

అనకేం, అనేవాడు. బకెట్టు ఎత్తిన ప్రతిసారీ "సింహాద్రప్పన్నా" అనే ఎత్తేవాడు. పూటకి ఎనిమిది బకెట్లు, పదకొండేళ్లు. కొండ మీద పూజారులు కూడా అన్నిసార్లు పిలిచి ఉండరు.

మూడేళ్ల కిందట, ఎనభైలో, అతనో కాగితం రాశాడు. తను పోతే కర్మకాండ వద్దు, శవాన్ని మెడికల్ కాలేజీకి ఇవ్వండి అని. సాక్షి సంతకం నాది. గౌరి వారం రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు. తర్వాత, "ఆయన నమ్మనప్పుడు నాను సేసి ఏటి లాభం" అని మాటిచ్చింది.

ఈ మే నెలలో ఒక పొద్దున్న, ఐదో బకెట్టుకి, గంగాధరరావు మూడో మెట్టు మీద పోయాడు. వెనక నేనున్నాను. "సింహాద్రప్పన్నా" అన్నాడు, అంతే. ఆ మాట మేడ మీద ఎదురువాటాలో ఉండే సన్యాసమ్మకి వినిపించింది.

"మీ ఆయన పోతా పోతా అప్పన్నని పిల్సుకున్నాడే గౌరీ. అదృష్టవంతుడు" అంది.

గౌరి నన్ను గదిలోకి పిలిచింది. ఏడవడం లేదు.

"అన్నయ్యా, ఆయన మారినాడా? సివర్లో నమ్మితే నాను కాలేజీకి ఇవ్వను, అన్నీ జరిపిత్తాను. నమ్మకపోతే మాట పెకారం ఇచ్చీత్తాను. దగ్గరున్నది నువ్వే. సెప్పు."

కింద సంఘం వాళ్లు వ్యాను కోసం చూస్తున్నారు. వాళ్లలో ఒకడు, ఎక్కించేముందు వర్జ్యం ఉందేమో చూశారా అని అడుగుతున్నాడు.

"బకెట్టు బరువుకి అన్నాడు గౌరీ. అప్పన్న సాచ్చిగా సెప్తన్నాను."

నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నానో నాకు తెలీలేదు. గౌరి మాత్రం ఊపిరి వదిలింది.

"అప్పన్న మీద ఒట్టేసినాక ఇంకేటుంది" అంది. అతని కళ్లజోడు ఒక్కటే తీసి ఉంచుకుంది. వ్యాను వెళ్లిపోయింది.

గౌరికి చెప్పనిది ఒకటుంది. అప్పుడు బకెట్టు అతని చేతిలో లేదు. చుక్క తొణక్కుండా మెట్టు మీద దించాడు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత అన్నాడు, నెమ్మదిగా, ఎదురుగా ఎవరో ఉన్నట్టు. నేనేమో, "లెగు బావా, ఎనకాల లైనుంది" అన్నాను.

కాలేజీకి వేసవి సెలవులు. జూన్ ఇరవై దాకా శవాన్ని ఎవరూ ముట్టుకోరట. ఆలోగా భార్య అడిగితే తిరిగి ఇచ్చేస్తారని అక్కడి గుమస్తా చెప్పాడు. గౌరికి నిజం చెబితే అతను రాసిన కాగితానికి ద్రోహం. అదీ గుండెనొప్పికి అన్న మాటేనేమో, అడగడానికి మనిషి లేడు. చెప్పకపోతే, నిజంగానే దేవుణ్ణి పిలిచినవాణ్ణి డాక్టరు చదువు పిల్లల కత్తుల కింద పడుకోబెట్టినవాణ్ణవుతాను. గౌరి రోజూ నాకు కాఫీ ఇస్తూ, నువ్వుండబట్టి సరిపోయింది అన్నయ్యా అంటోంది.

చదివేవాళ్లలో నమ్మేవాళ్లుంటారు, నమ్మనివాళ్లుంటారు. ఎవరైనా సరే, బకెట్టు దించాక అన్న మాటని ఏమనుకోవాలో చెప్పండి. జూన్ ఇరవైలోపు ఒక్క కార్డు ముక్క రాయండి. మీకు పుణ్యముంటుంది.