మల్లేశానికి ముప్పై ఏడు ఓట్లు

ఊరందరి దుకాణాలనూ ఫోన్‌లో పైకి ఎక్కించడమే ప్రియాంక ఉద్యోగం. కుత్బుల్లాపూర్‌లో ఒక మేడమీద హేమచంద్ అనే ఆయన నడిపే డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసులో నాలుగేళ్ళుగా చేస్తోంది. ఎవరైనా ఫోన్ తీసి దగ్గర్లో పళ్ళ డాక్టరు ఎవరని వెతికితే ముందు ఏ డాక్టరు కనపడాలి, ఆ పేజీ తెరిచినవాడి వేలు ఎటు పోతుంది, ఎక్కడ తికమకపడి వెనక్కి వెళ్ళిపోతాడు, అన్నీ కళ్ళు మూసుకుని చెప్పగలదు. అంత తెలివిగల పిల్ల సొంత తండ్రి దుకాణాన్ని మాత్రం ఎక్కించలేదు. ఎవరన్నా అడిగితే "బాపుకు బోర్డే లేదు, ఇగ మ్యాపెందుకు" అని నవ్వేసేది.

నిజమే, మల్లేశానికి బోర్డు లేదు. మేడ్చల్ పాత రోడ్డు మీద ముప్పై ఏళ్ళుగా కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి ఇస్తున్నాడు. గౌడవెల్లి నుంచి శామీర్‌పేట దాకా ఎవరి బావి దగ్గర మోటారు ఆగినా బండిమీద వేసుకుని తిన్నగా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయనకొక అలవాటుంది. చుట్టిన ప్రతి మోటారు మూత లోపల ఎర్ర రంగుతో తన పేరూ తారీకూ రాస్తాడు. ఏడాదిలోపు అది మళ్ళీ కాలితే మూత విప్పి, తారీకు చూసి, మారుమాట లేకుండా ఊరికే చుట్టి ఇస్తాడు. ఆయనకు తెలిసిన ప్రచారం అంతవరకే.

ఆ ప్రచారం పొలాలున్నంత కాలం చక్కగా పనిచేసింది. ఇప్పుడు బావులు పూడ్చి ప్లాట్లు గీశారు, ఆ ప్లాట్లలో ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళవాళ్ళకు మోటారు ఆగితే మల్లేశం గుర్తుకు రాడు, ఫోన్ గుర్తుకొస్తుంది. వారానికి ఒక్క మోటారు వస్తే గొప్పయిపోయింది. "దసరా దాక జూస్త. గాకుంటె షట్టర్ దించి ఏదన్న ఫ్యాక్టరీల వాచ్‌మన్‌గ పోత" అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. ఉప్పు అడిగినంత మామూలుగా అన్నాడు. ప్రియాంక మాత్రం కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది.

సరిగ్గా అప్పుడే బౌరంపేట్ నుంచి వీరభద్రం వచ్చాడు. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ ఇంజనీరు, అక్కడొక గేటెడ్ కమ్యూనిటీకి సెక్రటరీ. వాళ్ళకు పద్నాలుగు మోటార్లున్నాయి, ఏడాది పొడుగునా చూసుకునే మనిషి కావాలి. ఎవరో ప్లంబరు చెబితే వెతుక్కుంటూ వచ్చి, దుకాణంలో గంటసేపు కూర్చుని, మల్లేశం తీగ చుట్టడం చూశాడు. మూత లోపలి ఎర్ర రాతను వేలితో తడిమి చూశాడు.

"నాకు మీ పని నచ్చిందండీ. కానీ మా కమిటీవాళ్ళు ఫోన్‌లో చూడందే వంకాయలు కూడా కొనరు. అందులో మీరు అసలు లేరు. ఆదివారం మీటింగు. ఈలోపు ఏదో ఒకటి చెయ్యండి" అని చెప్పి వెళ్ళాడు.

అది సోమవారం. ఆ సాయంత్రమే ప్రియాంక కూర్చుని తండ్రి దుకాణాన్ని మ్యాపులోకి ఎక్కించింది. ఫొటోలు పెట్టింది, నంబరు పెట్టింది, వేళలు పెట్టింది. చివరికి ఒక లింకు తయారుచేసి తండ్రి ఫోన్‌కు పంపింది. "బాపు, ఇది నీ పాత గిరాకీలందరికి పంపు. రేటింగ్ సుక్కలు గుద్దుమను, నీ గురించి నాలుగు ముక్కలు చెప్పుమను" అంది. రాయడం రానివాళ్ళు మాట్లాడితే ఫోనే రాసుకుంటుందని కూడా చూపించింది. మల్లేశానికి మొహమాటం ఎక్కువ, అయినా మరునాడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మరీ అడిగాడు.

బుధవారం పొద్దున ఆఫీసులో ప్రియాంక ఆ పేజీ తెరిచింది. ముప్పై ఎనిమిది మంది స్పందించారు. అయిదుకు వచ్చిన సగటు ఒకటీ పాయింట్ ఒకటి. మళ్ళీ తెరిచింది, అదే. వీధిలో కుక్కలను పట్టే బండికి కూడా అంతకన్నా మంచి పేరుంటుంది. వెనక నుంచి చూసిన హేమచంద్ "అయ్యో" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవడో పగబట్టి చేయించిండమ్మా. నువ్వు పరేషాన్ గాకు. శనివారం లోపల రెండొందల పేర్లతోని అయిదేసి చుక్కలు నేను ఏపిస్త. మన దగ్గర అకౌంట్లున్నయి గదా. మీ నాయిన అంటే మా నాయిన లెక్క" అన్నాడు.

చెడ్డవాడు కాదు, పాపం. తన మనుషులకు తనకు తెలిసిన సాయమే చేస్తానన్నాడు. ప్రియాంక "సరే సార్" అంది. లేనివాళ్ళ పేర్లతో మెచ్చుకోళ్ళు రాయడం ఆమెకు కొత్త కాదు, నాలుగేళ్ళుగా అందులో చేయి తిరిగింది.

మధ్యాహ్నం డబ్బా విప్పి, తినకుండా, ఆ పగబట్టినవాళ్ళు ఎవరా అని ఒక్కొక్కటీ చదివింది. పక్క గల్లీ మహేందర్ ఒక్కడు అయిదు ఇచ్చాడు. మిగతా ముప్పై ఏడుగురూ ఒకటే. కానీ మాటలు చూస్తే మతి పోయింది. "మల్లేశన్న చెయ్యి పడ్డదంటే మోటరుకు తిరుగు లేదు." ఒక చుక్క. "మా వాడకట్టు మొత్తం ఈయన దగ్గరికే." ఒక చుక్క. అన్నిటికన్నా పొడుగ్గా ఉన్నది గౌడవెల్లి శివమ్మది. "పద్నాలుగేండ్ల కింద జుట్టిన మోటరు ఇంక నడుస్తాంది. అప్పట్ల నడి ఎండల కాలిపోతె పొద్దుగుంకక ముందే జుట్టిచ్చిండు. నా నారు బతికింది. ఆయన సల్లగుండాలె." దానికీ ఒక చుక్కే.

సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా గౌడవెల్లికి బండి తిప్పింది. శివమ్మ తనకు చిన్నప్పటినుంచీ తెలుసు. చుట్టూ ప్లాట్ల రాళ్ళు పాతినా తన ఎకరన్నర అమ్మకుండా పాలకూర, తోటకూర పండిస్తున్న ముసలామె. మోటారు నడుస్తోంది, ఆమె మడికి నీళ్ళు కడుతోంది.

"అవ్వా, మా బాపు మీద నీకేమన్న కోపమా?" అంది ప్రియాంక, ఇంక ఆగలేక.

శివమ్మ పార వదిలేసి చూసింది. "కోపమేంది బిడ్డా? గాయనకు ఓటు గూడ ఏసిన గద నిన్న."

"ఓటా?"

"మీ నాయిననే జెప్పిండు, సుక్క గుద్దుమని. అయిదు సుక్కలు వరుసగ ఉన్నయి, ఓట్ల మిషన్ల ఉన్నట్టు. అన్నిట్ల ముందటిది మల్లేశానిది అనుకొని దానిమీద గుద్దిన. మంచిగ ఎలిగింది."

"అయిదు గుద్దాలె అవ్వా. ఎన్ని గుద్దితే అంత మంచోడన్నట్టు."

శివమ్మ ఆమె ముఖంలోకి చూసింది. అల్లరి చేస్తున్న పిల్లను చూసినట్టు చూసింది. "ఒక మనిషి అయిదు గుద్దుతదా బిడ్డా? అది దొంగ ఓటు గాదా? మీ నాయినకు గసొంటి ఓటు నేనెందుకు ఏస్త? రేపు ఎవలన్న అడిగితె ఆయనకు నామోషి గాదా?"

ప్రియాంకకు నవ్వు రాబోయి ఆగిపోయింది. తెలియని వేళ్ళు ఎక్కడ తికమకపడతాయో చెప్పడమే తన పని. ఓట్ల మిషన్ తప్ప ఇంకో మీట ఎరగని వేళ్ళకు చుక్కల సంగతి ఒక్క ముక్క వివరించకుండా లింకు విసిరేసింది తనే. పగబట్టినవాడు ఎవడూ లేడు. ఇక దొంగ ఓట్ల మాటకొస్తే, శనివారం లోపల రెండొందలు పడబోతున్నాయి, అవి తను సరే అన్నవే. మడి గట్టుమీదే నిలబడి హేమచంద్‌కు ఫోన్ చేసింది.

"సార్, అవి వద్దు."

"పిచ్చిదానివా? ఆదివారం మీటింగు గదమ్మా."

"తెలుసు సార్. వద్దు."

శుక్ర, శనివారాలు తండ్రీకూతుళ్ళు బండిమీద తిరిగారు. కొందరు ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయారు, కొందరు దొరకలేదు. తొమ్మిది మంది మార్చి అయిదు చేశారు. సగటు రెండు దాటింది, అంతే. శివమ్మ మాత్రం ససేమిరా అంది. "ఏసిన ఓటు మార్సుడేంది" అని ఫోన్ కొంగున కట్టుకుంది.

ఆదివారం కమ్యూనిటీ హాలులో కమిటీవాళ్ళు పదిహేను మంది కూర్చున్నారు. మల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక కుర్చీలో అంచున కూర్చున్నాడు, ఆయన ముందు కుర్చీలో ప్రియాంక. వీరభద్రం తెరమీద రెండు పేజీలు చూపించాడు. ఒకటి కుత్బుల్లాపూర్ వైపు మోటార్లు బాగుచేసే సర్వీసు కంపెనీ, సగటు నాలుగూ పాయింట్ తొమ్మిది, మూడు వందల మంది. రెండోది మల్లేశం.

శోభారాణి అనే ఆమె, ఏదో బ్యాంకులో మేనేజరు, తిన్నగా అడిగింది. "ముప్పై ఎనిమిది మందిలో ఇరవై ఎనిమిది మంది ఒక్క చుక్కే ఇచ్చారంటే ఏదో లోపం ఉన్నట్టేగా సార్?"

"చుక్కల సంగతి తర్వాతండీ, ఇది వినండి" అని వీరభద్రం శివమ్మ మాటలు పైకి చదివాడు. ఆయన గోదావరి యాసలో ఆ మాటలు వింతగా పలికాయి, హాలులో నవ్వులు లేచాయి. "ఇంతలా మెచ్చుకుని ఈవిడ ఒక్కటే నొక్కిందేవిటండీ మల్లేశంగారూ?"

మల్లేశం లేచి నిలబడ్డాడు. "ఓటనుకున్నరు సార్. ఒక మనిషికి ఒకటే గదా" అన్నాడు. మళ్ళీ కుర్చీ అంచునే కూర్చున్నాడు.

ఈసారి నవ్వులు మెత్తగా ఉన్నాయి. అయినా శోభారాణి తల ఊపలేదు. "వినడానికి బాగానే ఉంది. కానీ అటువైపు మూడు వందల మంది చెబుతున్నారు. ఇది చూడండి. సమయానికి వచ్చారు, ఓపికగా విన్నారు, పని చక్కగా చేశారు..."

ప్రియాంక తల ఎత్తింది. ఆ కంపెనీ తమ ఆఫీసు ఖాతాల్లో ఇంకేదో పేరుతో ఉంటుంది, అందుకే ఇంతసేపూ పోల్చుకోలేదు. ఆ వాక్యం మాత్రం తనది. కిందటి ఏడు, ఒక వాన మధ్యాహ్నం, టీ తాగుతూ రాసింది. ఇప్పుడు నోరు విప్పితే ఉద్యోగం పోవచ్చు. అంతకన్నా కష్టం, వెనక కుర్చీలో తండ్రి వింటాడు. విప్పకపోతే తండ్రి దుకాణం షట్టరు తన రాతతోనే దిగుతుంది.

"మేడమ్, ఆ మాట నేను రాసిందే" అంది లేచి. "ఆ మూడొందలల్ల సగం నేనే రాసిన. అది మా ఆఫీసు పని. కిందికి పోయి చూడండి, అదే వాక్యం ఇంకో పేరుతోని మళ్ళ వస్తది."

శోభారాణి తన ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. ఇంకోచోట ఆగింది. చివరికి ఆమె ఫోన్ బోర్లించి బల్లమీద పెట్టింది.

"సార్, నేను చేతులెత్తమంటాను. మనిషికొక్కటే" అంది.

పదిహేను మందిలో పదకొండు చేతులు లేచాయి. మొదట లేచింది ఆమెదే.

తిరుగుదారిలో మల్లేశం దుండిగల్ దాటేదాకా మాట్లాడలేదు. వెనక కూర్చున్న ప్రియాంక ఆయన వీపే చూస్తూ ఉంది. తిడితే బాగుండుననుకుంది.

"అంటె మన గిరాకీ గా కంపెనీకి పోయింది నీ రాతలకేనా?" అన్నాడు చివరికి.

"కొంత అవును బాపు."

ఆయన గుంత తప్పించి బండి పోనిచ్చాడు. "మస్తు రాస్తవన్నట్టు. ఊరంత నమ్మిరి" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే ఆమెను ఏడిపించింది. "ఇగ మీదట నాకు రాయి. గని కింద నీ పేరు పెట్టి రాయి, నేను మోటరుల రాసినట్టు."

"పెడత బాపు" అంది, ఆయన చొక్కాకే కళ్ళు తుడుచుకుంటూ. సోమవారం హేమచంద్‌కు ఎవరో చెప్పేలోపు తనే చెప్పాలనుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. శివమ్మ. మీటింగు మాట గుర్తుంచుకుని, పొద్దటినుంచి ఆగి ఆగి చేసిందట.

"ఏమైంది బిడ్డా, గెలిచిండా మల్లేశం?"

"గెలిచిండు అవ్వా."

"ఎన్ని ఓట్లతోని?"

ప్రియాంక పదకొండు అనబోయింది. నోటిదాకా వచ్చిన అంకెను మింగేసింది.

"నీ ఒక్క ఓటుతోని అవ్వా" అంది.