దొడ్డమ్మ కడిగిన రాళ్లు

నేను ఒక రాయిని. ఒక రాయిని అనడం కూడా పూర్తిగా సరికాదు, కానీ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. నా పై సగం నలుపు, కింది సగం పాలిపోయిన తెలుపు, మధ్యలో ఒక గీత. రెండు చేతులతో ఎత్తితే బుద్ధిగా ఉంటాను. ఒంటిచేత్తో ఎత్తితే మీ కాలి బొటనవేలి మీద పడతాను. పడ్డాను కూడా. ఆ సంగతి తర్వాత.

ముందు పుట్టింది తెల్ల సగం. ఇప్పుడు రాజమండ్రి ఉన్న చోటికి దగ్గర్లో, ఆ నదికి గోదావరి అని పేరు పెట్టడానికి మనుషులే లేని కాలంలో, లోతు లేని ఉప్పునీళ్లు ఉండేవి. వాటిలో నత్తలు, ఆల్చిప్పలు బతికేవి, చచ్చేవి. చిప్పలు అడుక్కి చేరేవి. వాటి మీద బురద, బురద మీద మళ్లీ చిప్పలు. ఎవరూ తొందరపడలేదు. పై పొరల బరువుకి కింది పొరలు అణిగి, నీళ్లు పిండుకుపోయి, సున్నం జిగురులా పట్టి గట్టిపడ్డాయి. ఇలా పొర మీద పొర పేరుకుని రాయైనవాటిని అవక్షేప శిలలు అంటారు. పుట్టడమంటే ఇంత నిశ్శబ్దమైన వ్యవహారమే కాబోలు అనుకున్నాను.

తర్వాత నేల బీటలు వారి, లోపల కరిగి ఉన్న రాయి పైకి పొంగింది. చెరువు గట్టు తెగినట్టు వచ్చి నా మీద పరుచుకుంది. కింద చల్లటి నేల తగిలేసరికి గబుక్కున గడ్డకట్టింది. అది నా నల్ల సగం, బసాల్ట్. గబుక్కున చల్లారింది కాబట్టి దాని పలుకులు, అంటే స్ఫటికాలు, కంటికి ఆనవు. భూమి లోపలే ఉండిపోయి తీరిగ్గా చల్లారే రాళ్లకైతే పెద్ద పెద్ద పలుకులు కడతాయి, గ్రానైట్ లాగా. కరిగి చల్లారి పుట్టినవన్నీ అగ్నిశిలలు. ఆ వేడికి నా తెల్ల సగం అంచు కాస్త కాలింది కూడా.

అంటే నాకు పుట్టినరోజులు రెండు. ఇదంతా జరిగి ఆరు కోట్ల ఏళ్లు దాటింది. ఆ తర్వాత చాలాకాలం చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

ఒకరోజు మందు పేల్చారు. క్వారీలో కుప్పగా పడ్డాం. పక్కనే క్రషర్ రాళ్లని నమిలి కంకర ఉమ్ముతోంది. నా ముందున్న రాయి వెళ్లింది. తర్వాత వంతు నాది. అప్పుడే కాలేజీ పిల్లల బస్సొకటి వచ్చి ఆగింది. అందులోంచి దిగిన ఇందుమతి అనే అమ్మాయి కుప్ప మీదికి ఎగబాకి, నన్ను పట్టుకుని, సంకోచం లేకుండా నాకింది.

అవును, నాలుకతోనే. రాళ్ల చదువు చదివేవాళ్లు ఆ పని చేస్తారు. తడిస్తే పలుకులు స్పష్టంగా కనిపిస్తాయి, బంకమన్ను ఉంటే నాలుకకి అతుక్కుంటుంది. క్వారీ గుమస్తాకి అదేమీ తెలీదు. "ఏవండీ, ఈ అమ్మాయికి ఇంట్లో అన్నం పెట్టట్లేదాండీ?" అని మేష్టారిని అడిగాడు.

ఇందుమతి నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లింది. తర్వాత తనే జియాలజీ లెక్చరరయింది. నేను ఏళ్ల తరబడి ఆమె దగ్గర ఉద్యోగం చేశాను. పరీక్ష పేపర్లు ఎగరకుండా కూర్చున్నాను. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డుపడ్డాను. పిల్లి మూత తీయకుండా దోసెల పిండి గిన్నె మీద కాపలా కాశాను. ఇంట్లో అరల నిండా నాలాంటి రాళ్లే. ఒక్కోదానికీ ఒక కాగితం ముక్క మీద పేరు, దొరికిన ఊరు రాసి, మైదా జిగురుతో అంటించేది. నా మీద మాత్రం పెద్ద కాగితం ఉండేది, నా పేరు పొడుగు కదా.

ఆమెకో కూతురు, ప్రణతి. తండ్రి వేరే ఊళ్లో, వేరే సంసారంలో ఉన్నాడు. ప్రణతి బొటనవేలు నేను చితక్కొట్టినప్పుడు పిల్ల ఏడుస్తుంటే తల్లి నన్ను ఎత్తి చూపించి అడిగింది.

"ఏంటిది?"

"రాయి!" అని బావురుమంది పిల్ల.

"పూర్తి పేరు?"

అది మొదలు ఆ ఇంట్లో అదొక ఆట. తల్లి అడగడం, పిల్ల రాయి అనడం, పూర్తి పేరు చెప్పించడం. స్నేహితురాళ్లు వచ్చినప్పుడు తల్లి రాయిని నాకితే మాత్రం ప్రణతి గదిలోకి పారిపోయేది. పెద్దయ్యాక హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టరయింది. వేరేవాళ్ల తప్పులు వెతకడం ఆమె పని. ఆట ఆగిపోయింది.

ఆ మధ్య ఇందుమతి చనిపోయింది. పొద్దున్నే కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు.

ప్రణతి వచ్చింది. చేయాల్సినవన్నీ చేసింది. వచ్చినవాళ్లందరూ ఆమె తల నిమిరి ఒకటే మాట చెప్పారు, "గుండె రాయి చేసుకోవాలమ్మా." మా గురించి మనుషుల అభిప్రాయం ఇదీ. మేము కరుగుతాం, పగులుతాం, వానకి అరుగుతాం, నిమ్మరసం పడితే నురగ కూడా కక్కుతాం. ఆ పిల్ల మాత్రం ఏమీ చేయలేదు. ఎవరేమన్నా "ఆఁ" అంది, లేదంటే "సరే" అంది.

"ఫోన్ వచ్చినప్పుడు మీటింగులో ఉన్నాను దొడ్డమ్మా," అని ఒకసారి చెప్పింది. "మ్యూట్‌లో పెట్టి విన్నాను. మళ్లీ మ్యూట్ తీసి, చెప్పాల్సింది చెప్పేసి, అప్పుడు లేచాను." వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా చెప్పింది.

దొడ్డమ్మ అంటే ఇందుమతి అక్క, కనకం. మనిషి ఒక్కచోట కూర్చోదు. మైల తీరిన రోజు ఇల్లంతా కడిగింది. మంచం కోళ్లు, కిటికీ ఊచలు, ఫ్యాను రెక్కలు. చివరికి అరల మీద మమ్మల్ని చూసింది. పెరట్లో బేసిన్‌లో వేసి, నానబెట్టి, పీచుతో తోమింది. మైదా జిగురు ఎంతసేపు ఆగుతుంది? ఇందుమతి రాసిన కాగితాలన్నీ ఊడి నీళ్ల మీద తేలాయి. దొడ్డమ్మ వాటిని జల్లెడతో తీసి పారేసింది. ఎండలో ఆరేసరికి మేము ఊరికే రాళ్లం.

ఇల్లు ఖాళీ చేసే రోజు పొద్దున గానీ ప్రణతి ఆ సంగతి చూడలేదు. రాళ్లని ఒక ఊరిబడికి ఇస్తానని అప్పటికే మాటిచ్చేసింది. అక్కడి సువార్త టీచర్‌కి ఫోన్ చేసి, కాగితాలు పోయాయని చెప్పింది.

"అయ్యో. మూడో రకం రాళ్లు, అవే, రూపం మారినవి, మేడం గారు ముందే మాకిచ్చేశారండి," అంది టీచర్. "ఇప్పుడు అగ్నిశిలలు ఒక డబ్బాలో, అవక్షేప శిలలు ఒక డబ్బాలో వేసివ్వండి చాలు. పేర్లు లేకపోయినా సర్దుకుంటాను. కలిపేసి ఇచ్చారనుకోండి, నాకూ తెలీదు, పిల్లలకీ తెలీదు. మా హెడ్మాస్టారు మర్నాడే బయట పోయించేస్తారండి. సాయంత్రం ఆటో తీసుకొస్తాను."

గోడ అవతల కొత్త ఇల్లు లేస్తోంది. అక్కడి మేస్త్రీ అప్పుడే గోడ మీంచి తొంగి చూశాడు. "అమ్మగోరూ, ఆ రాళ్లు పారేత్తే మాకు పారెయ్యండి. అరుగు కింద పూడిక్కి పనికొత్తాయి."

ప్రణతి మా వైపు చూసింది. మేస్త్రీ వైపు చూసింది. "సాయంత్రం దాకా ఆగండి," అంది. ఆ నెలలో ఆమె ఎవరికైనా ఎదురు చెప్పడం అదే మొదలు.

రెండు అట్టపెట్టెలు పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఒక కూరగాయల కత్తి, ఫ్రిజ్‌లో మిగిలిన నిమ్మకాయలు. తల్లి చెప్పినవి మీటింగులో చదివినట్టు పైకి చదువుతోంది, గొంతులో ఏ హెచ్చుతగ్గులూ లేకుండా. "తీరిగ్గా చల్లారితే పటికబెల్లం. గబుక్కున చల్లారితే పాకం ముద్ద." గులాబీ రంగు పలుకులు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్న రాయి పటికబెల్లం లెక్క, గ్రానైట్, అగ్ని. దాని పక్కనున్నదీ పలుకులదే, కానీ గోటితో గీరితే ఇసుక రాలింది. ఇసుకరాయి, అవక్షేపం. గులకరాళ్లు వేరుశనగ అచ్చులా అతుక్కున్నదీ అవక్షేపమే.

"ఇంకొకటుండాలి, స్పాంజిలా," అంది ప్రణతి.

దొడ్డమ్మ నసిగింది. "అది బాత్రూంలో పెట్టానే. మడమలు రుద్దుకోడానికి ఎంత బాగుందో."

తెచ్చి మగ్గు నీళ్లలో వేస్తే తేలింది. "రాయి తేలడవేంటే!" అని దొడ్డమ్మ రెండు అడుగులు వెనక్కేసింది.

"లావా నురగ. లోపలంతా గాలి బుడగలు. అగ్ని," అని పెట్టెలో వేసింది ప్రణతి.

రెండు నల్ల రాళ్ల దగ్గర ఆగిపోయింది. ఒకటే నలుపు, ఒకటే నునుపు. ఎటు తిప్పినా కవలపిల్లలే. ఒకదాన్ని అగ్ని పెట్టె దాకా పట్టుకెళ్లి, వెనక్కి తీసుకుంది. ఇంకోదాన్ని పట్టుకెళ్లింది. మళ్లీ తీసుకుంది. చాలాసేపటికి, "రంగు చూసి మోసపోకు," అని తనలో తనే గొణిగి, కత్తితో గీసింది. ఒకదాని మీద కత్తే జారిపోయింది, బసాల్ట్, అగ్ని. రెండోదాని మీద తెల్ల గీత పడింది. ఆ గీత మీద నిమ్మకాయ పిండితే సన్నటి నురగ. అది నాపరాయి, సున్నం జాతి. ఇద్దరూ విడిపోయారు.

మధ్యాహ్నం దాటేసరికి నేల మీద నేనొక్కదాన్నే మిగిలాను.

"ఇదెందులోనే?" అంది దొడ్డమ్మ.

ప్రణతి తెల్లవైపు గీసి నిమ్మచుక్క వేసింది. నురగ. నల్లవైపు వేసింది. ఏమీ లేదు. నన్ను ఒళ్లో పెట్టుకుని గీత వెంబడి వేలు నడిపింది.

"దీనికి అమ్మ పొడుగ్గా ఏదో చెప్పేది," అంది. "పూర్తి పేరు. గుర్తు రావట్లేదు."

నాకు తెలుసు. కానీ చెప్పడానికి నోరు లేదు. ఆరు కోట్ల ఏళ్లలో నాకు లోటనిపించింది ఆ ఒక్కసారే.

అప్పుడామె, చిన్నప్పుడు ఏది చూసి సిగ్గుతో గదిలోకి పారిపోయిందో ఆ పనే చేసింది. నన్ను ఎత్తి, గీత మీద నాకింది.

"థూ!" అని మొహం చిట్లించింది. "దొడ్డమ్మా! విమ్ము పెట్టి తోమావా?"

"మరి ఉత్తి నీళ్లతో పోద్దేంటే మైల? విమ్మే. నిండా పెట్టాను."

"రుచి చూడు."

"ఛీ, నాకేం ఖర్మే!"

"చూడు దొడ్డమ్మా."

ఆవిడ అటూ ఇటూ చూసి, మేస్త్రీ గోడ మీద లేడని నిశ్చయించుకుని, నాలుక కొస ఆనించింది. "అమ్మో. కడిగింది చాల్లేదు, ఇంకా దిగలేదే సబ్బు."

తర్వాత నన్ను చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

"దాని బట్టలుతికాను. గిన్నెలు తోమాను. ఇంకేం కడగాలో తెలీక ఇవి కడిగానే," అంది. "కాగితాలు తేలుతుంటే చెత్తనుకున్నాను. చేతికి సిరా అంటుకుంది. అప్పటిక్కూడా అది దాని రాతే అని తట్టలేదు నాకు."

ప్రణతి దొడ్డమ్మ చేతిలోంచి నన్ను తీసుకుని తల వంచుకుంది. నా తెల్లవైపు, సరిగ్గా కత్తి గీసిన చోట ఒక చుక్క పడింది. నిమ్మరసమైతే నురగ రావాలి. రాలేదు. ఇంకో చుక్క పడింది. దానికీ రాలేదు. ఇంతకంటే వివరంగా వర్గీకరించడం నా పని కాదు.

సాయంత్రం సువార్త టీచర్ ఆటో దిగింది. సన్నగా, చెమటతో, గొడుగు చంకలో పెట్టుకుని. పెట్టెలు చూసి సంబరపడింది. నన్ను చూసి ఇబ్బందిపడింది.

"ఇది వద్దులెండి. పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారు. పరీక్షలో ఏదో ఒకటే రాయాలి కదండీ."

"అవ్వనివ్వండి," అంది ప్రణతి.

"ఏ డబ్బాలో వెయ్యమంటారు మరి?"

"రెండిటికీ మధ్యలో పెట్టండి. ఏంటిది అని అడగండి. రాయి అంటారు. అప్పుడు పూర్తి పేరు అడగండి." నా గీత మీద వేలు పెట్టింది. "కింద సముద్రం అడుగు. పైన లావా. ముందు నీళ్లు, తర్వాత నిప్పు. గీత దగ్గర కాస్త కాలింది. అమ్మ చెప్పింది అచ్చం ఇదే కాదు. నాకు తెలిసింది ఇంతే."

అచ్చం అదే కాదు, నిజమే. ఇందుమతి చెప్పినదాంట్లో నత్తలు కూడా ఉండేవి.

మేస్త్రీ అరుగుని వేరే రాళ్లతో పూడ్చుకున్నాడు. ప్రణతి రైలెక్కింది. వెళ్లేటప్పుడు ఆమె ముఖం వచ్చినప్పుడు ఉన్నట్టే ఉంది. ఆ మాటకొస్తే నేనూ బయటికి అలాగే ఉంటాను.

ఇప్పుడు బడి కిటికీ గూట్లో, రెండు డబ్బాల మధ్య ఉంటున్నాను. టీచర్ నన్ను ఎత్తినప్పుడల్లా, అదీ రెండు చేతులతో, క్లాసంతా ఒక్క గొంతుతో "రాయి!" అని అరుస్తుంది.

"పూర్తి పేరు?"

బెంచీల కింద కాళ్లు కదులుతాయి. టీచర్ బోర్డు వైపు తిరుగుతుంది. అప్పుడు ముందు బెంచీలోంచి ఒక పిల్ల లేచొచ్చి, ఎవరూ చూడట్లేదని చూసుకుని, నన్ను నాకుతుంది.

మొహం చిట్లిస్తుంది. ఇంకా దిగలేదు సబ్బు.