కడక్కుండా తినే కాయలు

భర్త చొక్కాని సబ్బునీళ్ళలో ముంచబోతూ శ్రీదుర్గ ఆగిపోయింది. వాసన. పెళ్ళైనప్పటి నుంచీ ఆ ఇంట్లో బట్టలు ఉతుకుతున్న మనిషికి ఏది ఏ మందు వాసనో ఎవరూ చెప్పక్కర్లేదు. వెంకటనారాయణకి ఊళ్ళో పురుగుమందుల కొట్టుంది, ఊరి బయట మిరపచేను ఉంది. పురుగుమందు వాసన వేరు, తెగులు మందు వాసన వేరు. ఇది గడ్డిమందు. చొక్కా చేతులు తడితడిగా ఉన్నాయి.

మిరప కాపు మీదున్న రోజుల్లో చేలో గడ్డిమందు ఎవరు కొడతారు? కొడితే గడ్డితోపాటు మిరప కూడా మాడిపోతుంది. మరి తెల్లారకముందే స్ప్రేయర్ వీపుకి తగిలించుకుని ఈయన ఎక్కడికి వెళ్ళొచ్చినట్టు? వెళ్ళేటప్పుడు ఆమె అడగలేదు. అడిగే అలవాటు ఎప్పుడో పోయింది.

నిన్న అన్నం తింటూ అన్నాడు, "నీ తోట సంగతి నేను చూస్తాలే" అని. మెల్లగా అన్నాడు. ఆయన అరిచినప్పుడు శ్రీదుర్గకి అంత భయం వెయ్యదు. మెల్లగా మాట్లాడితేనే భయం.

తోటంటే బడి వెనక పిల్లలతో కలిసి ఆమె పెంచుతున్న తోట. దర్శి దగ్గర ఆ ఊళ్ళోనే ఆమె సైన్సు టీచరు. "పర్మాకల్చరంటే నోరు తిరగని మాటనుకోకండర్రా. నేల దగ్గర తీసుకున్నది నేలకే ఇచ్చి, ఏదీ వృథా పోనివ్వకుండా బతకడం, అంతే" అని చెప్పింది. మధ్యాహ్నం కంచాలు కడిగిన నీళ్ళకి పిల్లలు చిన్న కాలవ తవ్వి అరటిచెట్లకి మళ్ళించారు. ఊరంతా తగలబెట్టే పత్తికట్టెని ముక్కలు చేసి మొక్కల మొదళ్ళలో పరిచారు. నేలకి దుప్పటి కప్పామని మురిసిపోయారు. మునగ నీడన టమాటా, పక్కనే దోసపాదు, చుట్టూ బంతి. పేడ మాత్రం ఆమే ఇంటినుంచి తట్టలో మోసుకెళ్ళేది. "మా కోడలు బీఈడీ చదివింది పేడ మొయ్యటానికే" అని అత్త వెంకటేశ్వరమ్మ అరుగు మీద నలుగురినీ పోగేసి నవ్వేది. రోజూ గేదెల కొట్టంలో అదే పేడ ఎత్తేది కూడా ఈ కోడలేనని అక్కడ ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

బళ్ళో నేర్చుకున్నది పిల్లలు ఇళ్ళకి తీసుకెళ్ళాక అసలు గొడవ మొదలైంది. మందు డబ్బా కడిగి అందులో తాగే నీళ్ళు పట్టొద్దని ఒక పిల్ల తండ్రితో పోట్లాడింది. చేను మీద అన్ని మందులు ఎందుకు నాన్నా అని ఇంకొకరు అడిగారు. "నల్లతామర పురుగుకి నీ పెళ్ళాం వేపకషాయం చాలంటందంటగా నారాయణా! ఇంకేం, కొట్టు మూసెయ్" అని రైతులు ఎగతాళి చేశారు. ఆ ఎగతాళినంతా ఆయన ఇంటికి పట్టుకొచ్చాడు.

చొక్కా ఆమె చేతిలోంచి జారిపోయింది. హారిక! నీళ్ళు పెట్టే వంతు తనదని కూతురు పెందరాళే బడికి వెళ్ళిపోయింది. తోటలోకి అడుగు పెట్టగానే పిల్లలు ఏం చేస్తారో ఆమెకి తెలుసు. టమాటా కోసి, బట్టలకి తుడుచుకుని కొరుక్కుంటారు. "మన తోటలో కాయ కడక్కుండా తినొచ్చు" అని వాళ్ళకి గర్వంగా చెప్పింది తనే.

హెడ్‌మాస్టరు రామచంద్రమూర్తికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. సబ్బు చేతులతోనే పరిగెత్తింది.

"ఏందమ్మాయ్, గేదెకి కుడితన్నా పెట్టకుండా ఏడకి ఆ పరుగు?" అని వెనక నుంచి అత్త కేకేసింది. శ్రీదుర్గ ఆగలేదు. దారిలో ఎవరో పలకరించారు. ఎవరో కూడా చూడలేదు.

తోట ఎప్పటికంటే అందంగా ఉంది. ఆకులన్నీ తడిసి మెరుస్తున్నాయి. తెలియనివాళ్ళు మంచు పట్టిందనుకుంటారు. బళ్ళో వంట చేసే ఖైరున్నీసా పప్పులోకి టమాటాలు కోసి కొంగులో వేసుకుంటోంది. హారిక కాలవ దగ్గర ఉంది. ఐదో తరగతి అన్విత నోట్లో కాయ.

"ఉమ్మెయ్! మింగకు తల్లీ, ఉమ్మెయ్!"

"ఏందమ్మా, పామా?" అంది ఖైరున్నీసా హడలిపోయి.

"తోటకి విషం కొట్టారక్కా. కొంగులోవన్నీ పారబోసి సబ్బుతో చేతులు కడుక్కో. పిల్లల్నెవర్నీ లోపలికి రానీకు."

అన్విత నోరు పదేపదే కడిగించింది. అంతలోనే హెడ్‌మాస్టరు వచ్చాడు. ఏం మందని అడిగితే పేరు చెప్పింది. ఆమెకి అంత కచ్చితంగా ఎలా తెలుసని ఆయన అడగలేదు. అన్వితనీ, దారిలో వాళ్ళమ్మనీ కారెక్కించుకుని దర్శి ఆస్పత్రికి వెళ్ళాడు.

ఆ తర్వాత పాఠం లేదు. శ్రీదుర్గ ఒక్కొక్కరి నోరూ తెరిపించి నాలుక చూసింది. ఎవరైనా దగ్గితే చాలు, మళ్ళీ నోరు తెరిపించేది. హారికని పక్కనుంచి కదలనివ్వలేదు. మధ్యాహ్నానికి ఎండ తగిలి టమాటా ఆకుల మీద నిప్పురవ్వలు పడ్డట్టు మచ్చలు తేలాయి. దోసపాదు వాలిపోయింది.

హెడ్‌మాస్టరు తిరిగొచ్చి ఆమెని పక్కకి పిలిచాడు. "మందు లోపలికి పోయినట్టు లేదన్నారమ్మా. అయినా కొన్నాళ్ళు ఉంచి చూడాలట." గొంతు తగ్గించాడు. "ఎవరి పనో నాకర్థమైంది. పిల్లలకి మాత్రం తెగులని చెబుదాం. మీ కాపురం కూడా చూసుకోవాలి గదా."

శ్రీదుర్గ తలూపింది. ఎవరేం చెప్పినా ముందు తలూపేయడం ఆమెకి అలవాటైపోయింది.

పిల్లలు చుట్టూ చేరారు. "తెగులా టీచర్?" అంది ఒక పిల్ల, కళ్ళనిండా నీళ్ళతో. "మేం సరిగ్గా చూసుకోలేదనా?"

ఆ మాట శ్రీదుర్గకి కొత్త కాదు. ఇంట్లో ఏది పగిలినా, ఏది చెడినా, తను సరిగ్గా చూసుకోలేదనే ఇన్నేళ్ళూ అనుకుంది. ఇప్పుడు ఈ పిల్లకి కూడా అదే నేర్పబోయింది.

"కాదర్రా. మీ తప్పు ఆవగింజంత కూడా లేదు. తోటకి గడ్డిమందు కొట్టారు. కొట్టింది మా ఆయన."

"అమ్మా!" అన్నాడు హెడ్‌మాస్టరు.

"అన్విత వాళ్ళమ్మకీ ఇదే చెబుతాను సార్. పోలీస్ స్టేషన్లోనూ ఇదే చెబుతాను."

చెప్పేస్తే భయం పోతుందనుకుంది. పోలేదు. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా ఆయనదే అనిపించింది. వరండా మెట్టు మీద కూర్చుంది.

హారిక వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత అడిగింది, "ఇవాళ మనం ఇంటికెళ్ళాలా అమ్మా?"

వెళ్తామా అనలేదు, వెళ్ళాలా అంది.

శ్రీదుర్గ కూతురి మొహంలోకి చూసింది. ఆ భయం ఇవాళ పుట్టింది కాదు. తనకొక్కదానికే తెలుసనుకున్న భయం, అంతా ఆ మొహంలోనే ఉంది. ఫోన్ తీసి వినుకొండలో ఉన్న అక్కకి కలిపింది.

"అక్కా, స్టేషన్లో కాస్త పనుంది. అది చూసుకుని నేనూ హారికా నీ దగ్గరికి వస్తున్నాం. తిరిగి ఎప్పుడెళ్తావని మాత్రం అడక్కు."