ఎర్రగీత

పేటలోని ఉచిత ఆసుపత్రిలో పిల్లల తూకం యంత్రం మీద ఒక ఎర్రగీత ఉండేది. బరువు చాలని పిల్లలకు నెలనెలా పాలపొడి డబ్బా ఇచ్చేవారు. ముల్లు ఆ గీత దాటిందా, డబ్బా బంద్. ఈ రూలు పెట్టిన మహానుభావుడు ఏనాడూ పస్తు పడుకుని ఉండడు.

అలా డబ్బా అందుకునే ఒక నాలుగేళ్ల పిల్లను ఇంట్లో పిచ్చుక అని పిలిచేవారు. దాని పేరు మీద వచ్చిన డబ్బాలో సగం చంటి తమ్ముడికి, కాస్త పనికి పోయే అమ్మానాన్నల టీలోకి, అడుగున మిగిలింది పిచ్చుకకు. పంచేది నాయనమ్మ. తూకం రోజు దగ్గరపడితే పిల్లకు ఆ అడుగూ లేదు, మంచినీళ్లే. ఆసుపత్రిలో స్వెటర్, చెప్పులు, ఆఖరికి జడకున్న రిబ్బను కూడా ఊడదీసి యంత్రమెక్కించేది ముసలిది. ముల్లు గీత దాటకపోతే, "నా బంగారుకొండ! ఇల్లు నిలబెట్టావే!" అని బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టేది. నెల మొత్తంలో పిచ్చుకకు దక్కే ముద్దు అదొక్కటే.

ఒకసారి నర్సు కంట పడింది. పిల్ల యంత్రం మీద పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి నిలబడింది.

"ఏమైందే? ఎందుకలా?"

"బరువు పెరక్కూడదుగా."

నర్సుకు ఒళ్లు మండిపోయింది. "నువ్వసలు మనిషివేనా? పసిదాని నోరు కడతావా?" అని ముసలిదాన్ని అందరి ముందూ కడిగేసింది.

"మరి చంటోడి నోట్లో ఏం పొయ్యమంటావు తల్లీ, నీ తిట్లా?"

నర్సు విసురుగా లోపలికెళ్లింది. డాక్టరుతో పోట్లాడి వచ్చింది. "పిల్ల బరువు పెరిగినా డబ్బా ఆగదు. చంటోడికి వేరే ఇస్తాం. ఇక దీనికి కడుపునిండా పెట్టు."

ముసలిదేం రాక్షసి కాదు, బొటబొటా ఏడ్చింది. ఇంటికెళ్లగానే పాలు చిక్కగా కలిపి మొదటి గ్లాసు పిచ్చుక నోటికందించింది. పిల్ల పెదాలు బిగించి మొహం తిప్పుకుంది.

"తాగవే, నా తల్లివి కదూ. ఇక పెరగొచ్చే."

"ఊహూ. తమ్ముడికియ్యి. నేను మంచిదాన్ని."

బతిమాలింది. వీపు మీద ఒక్కటిచ్చింది. ముక్కు మూసి గొంతులో పోసింది. పిల్ల అంతా కక్కేసింది.

తర్వాతి తూకానికి పిచ్చుకను ఎత్తుకునే తీసుకెళ్లాల్సి వచ్చింది. నర్సు చంకల కింద పట్టుకుని నిలబెట్టి, మెల్లగా చేతులు తీసింది. ముల్లు ఎర్రగీతకు ఎక్కడో దూరంగా ఆగిపోయింది. నర్సు గోడవైపు తిరిగిపోయింది.

పిచ్చుక ముల్లును చూసుకుంది. నాయనమ్మ వైపు తిరిగి, నవ్వుతూ బుగ్గ చాపింది.