చేతికివ్వని ఉప్పు

నేను ఒక ఉప్పు జాడీని. పైన గోధుమరంగు, కింద తెలుపు, అంచున చిన్న పెచ్చు ఊడిన గుర్తు. బట్టీలో కాలి బయటపడ్డప్పుడు ఆవకాయ కోసమే పుట్టాననుకున్నాను. అనకాపల్లిలో ఒక భోజన హోటల్లో కొన్నేళ్లు ఆ వైభవం వెలగబెట్టాను కూడా. మూత పగలగానే నా హోదా పోయింది. హోటలు యజమాని నన్ను తన బట్టలు కుట్టే నూకరత్నానికి ఇచ్చేశాడు. ఆమె నాకు చెక్కమూత పెట్టి, కల్లుప్పు పోసి, పొయ్యి పక్కన గట్టు మీద కూర్చోబెట్టింది.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. నూకరత్నం, బెల్లం మార్కెట్లో దిమ్మలు తూచే ఆమె భర్త సన్యాసిరావు. మంచివాడే గానీ పట్టింపులెక్కువ. భోజనాల దగ్గర ఆమె ఉప్పు అడిగితే చేతిలో పెట్టడు, నన్ను మోసుకొచ్చి ఆమె ముందు దించుతాడు. "ఉప్పు సేతికిత్తే గొడవలొత్తాయే" అంటాడు. కాపురాలు కూల్చేంత శక్తి నాకుందని నాకే తెలియదు.

నూకరత్నానికి బైపోలార్ అనే జబ్బు. మందు మొదలుకాని రోజులు నేను చూశాను. ఒక విడత నిద్ర మానేసి మిషను తొక్కింది. జనం జాకెట్లకిచ్చిన గుడ్డలన్నీ గౌన్లు కుట్టి వీధిలో పిల్లలకు పంచేసింది. మరో విడత గోడవైపు తిరిగి పడుకుంది. నెలల తరబడి నా మూత కూడా తీయలేదు. బతకాలని లేదని ఒకసారి ఆ గోడతో అంది. విన్నది నేనొక్కదాన్నే. అందుకే డాక్టరమ్మ లిథియం మాత్రలు రాశాక ఆమె మెల్లగా లేచి మళ్లీ చారులో ఉప్పు వేసిన రోజు నాకు పండగే. ఆ మాత్ర కూడా ఒక రకం ఉప్పేనట. అంటే మాకు చుట్టమే.

ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. మొదట్లో చేయించారు. ఆమె బాగుండేసరికి మానేశారు. బాగున్న మనిషికి పరీక్షలెందుకన్నారు. చక్కగా నడిచే మిషనుకు మాత్రం నూనె వేయడం మరవలేదు సుమా!

ఏళ్లు గడిచాయి. సూదిలో దారం ఎక్కించడానికి ఆమె వేళ్లు వణకసాగాయి. ఊరికే దాహమనేది. అంతా వయసు మీదికి తోసేశారు. ఓ ఎండాకాలం ముఖం, కాళ్లు ఉబ్బాయి.

"ఇదంతా ఉప్పు సేసిన పనే. నాలుగ్రోజులు సప్పిడి తిను, వాపు దిగిపోద్ది" అన్నాడు సన్యాసిరావు. నన్ను అటకెక్కించాడు. ఆమె తినలేనిది తనకెందుకని తనూ చప్పిడే తిన్నాడు. అంత ప్రేమ మీద కోపం ఎలా తెచ్చుకోను?

అటక మీంచి అంతా కనిపించింది. ఆమెకు వాంతులు మొదలయ్యాయి. మాట ముద్దయింది. గోడ పట్టుకుంటే గానీ అడుగు పడలేదు. ఎండదెబ్బ అనుకుని అతను మజ్జిగ ఇచ్చాడు, అందులోనూ ఉప్పు లేదు. గ్లాసు ఆమె చేతిలోంచి జారిపోయాక భయపడి ఆటో పిలిచాడు. ఖాళీ ఇంట్లో, నేను అక్కడ గట్టు మీద ఉండి ఉంటే బాగుండేదని కుమిలిపోయాను.

కొన్నాళ్లకు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చారు. జరిగింది వాళ్ల మాటల్లో తెలిసింది. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పోనివ్వవట. దానికి ఎండ, చెమట తోడై రక్తంలో మందు విషమైంది. ఇన్నేళ్ల మందుకు మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయి, థైరాయిడ్ మందగించింది. వాపు వచ్చింది దానివల్లట.

"ఈ పాడు మాత్రలు పెంటలో పారేత్తాను" అంటూ సన్యాసిరావు అట్ట అందుకున్నాడు.

నూకరత్నం అతని చేయి పట్టుకుంది. "అయ్యి నన్ను సంపబోయినాయి, నిజమే. అయ్యి నేకపోతే నన్ను నేనే సంపుకుందును."

గోడకు చెప్పిన మాట మొదటిసారి మనిషికి చెప్పింది. అతను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. డాక్టరమ్మ చెప్పినట్టే చేయాలనుకున్నారు. మందు మోతాదు తగ్గించి, మానకుండా పరీక్షలు చేయించుకుంటూ, ఉప్పూ నీళ్లూ ఎప్పటిలాగే తీసుకోవాలి. మూత్రపిండాలు ఇంకా పాడైతే మందే మార్చాలి. ఆ భయం ఈ ఇంట్లోంచి పోలేదు, నేనూ పోయిందనను.

అతను నన్ను అటక దించి, దుమ్ము తుడిచి అన్నం దగ్గర పెట్టాడు. ఆమె వేళ్లు వణికి ఉప్పు నేల మీద చిందింది. అతను నాలో చేయిపెట్టి నాలుగు ఉప్పురాళ్లు తీసి, ఆమె అరచేయి విప్పి అందులో పెట్టాడు.

"గొడవలొత్తాయన్నావు కదా?" అంది నూకరత్నం.

"రానీయే. గొడవాడ్డానికి నువ్వుండాల కదేటి."