రేడియోలో సంగమ్మ నాయన

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి.

శరణప్ప హోటల్ వెనక గిరిజమ్మ గారెల పప్పు రుబ్బుతూనే ఉంది, చెవులు మాత్రం ముందు గదిలోని రేడియో మీదే ఉన్నాయి. 1963లో ఒక ఆదివారం అది. శ్రోతలు కోరిన పాటలు వచ్చే వేళ. పాటకు ముందు కోరినవాళ్ల పేర్లు చదువుతారు. ఆ పేర్ల కోసమే జహీరాబాద్ బస్టాండు దగ్గరి ఆ హోటల్లో చాయ్ మీద చాయ్ తాగేవాళ్లున్నారు. లారీలకు అల్లం బస్తాలెత్తే ఆమె భర్త వీరన్న కూడా వాళ్లలో ఒకడు.

"ఊర్ల అందరి పేర్లొచ్చినయి, నాదొక్కటే రాలె" అని నవ్వేవాడు. ఆ నవ్వు కింద ఎంత చిన్నబోయేవాడో గిరిజమ్మకు తెలుసు. అందుకే పదిహేను రోజుల కింద, అతనికి చెప్పకుండా, పోస్టాఫీసు అరుగు మీద కార్డులు రాసిపెట్టే కొత్త గుమాస్తా దగ్గరికి వెళ్లింది.

"ఎవరి పేరు రాయాలె?"

"మా సంగమ్మ నాయనది."

"గాయన పేరేందమ్మా?"

"మొగని పేరు నోట్లకెల్లి ఎట్ల తీస్తరయ్యా? మా బిడ్డ పేరు మీద గట్లనే రాయి."

అతను అట్లాగే రాశాడు.

రేడియో గరగరలాడింది. "కోరినవారు, జహీరాబాద్ నుంచి సంగమ్మ నాయన."

హోటలంతా గొల్లుమంది. "ఏం వీరన్నా, వదిన రాయించిందా?" అని తోటి హమాలీ చంద్రప్ప బల్ల చరిచాడు.

గిరిజమ్మ చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. నలుగురిలో మొగుడి పరువు తీశాననుకుంది. ఇంతలో వీరన్న హోటల్ వెనక్కి, ఆమె దగ్గరికి వచ్చాడు. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇగో, వీరన్నలు ఊరి నిండ ఉన్నరు. రేడియోల సంగమ్మ నాయన నేనొక్కన్నే! జర చాయ్ తాగు."

పెళ్లయిన ఇరవై ఏళ్లుగా అతనికి ఆమె 'ఇగో'నే.

ఆనాటి నుంచి లారీ డ్రైవర్లు కూడా అతన్ని సంగమ్మ నాయన అనే పిలిచారు. ఆ చలికాలం జ్వరం తగిలి మూడో రోజు నిద్రలోనే పోయినప్పుడు, "సంగమ్మ నాయన పోయిండు" అనే బజారు చెప్పుకుంది.

అతని అంగీ జేబులో ఒక కార్డు దొరికింది. గిరిజమ్మ దాన్ని గుమాస్తాకు చూపించింది.

"కోరినవారు వీరన్న. ఎవరి కోసమంటే, గిరిజమ్మ కోసం" అని చదివాడతను. "నీ పేరు చెప్పెతందుకు కొత్త పెండ్లికొడుకు లెక్క సిగ్గుపడ్డడమ్మా. ఏ పాటనో నిన్నడిగి చెప్త అని పట్కపోయిండు."

గిరిజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది.

హోటల్ రేడియో పక్కన గోడకు ఆనించిన ఆ కార్డులో, పాట పేరు రాసే చోటు ఖాళీగానే ఉంది.

బస్వమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు, ప్రస్తుతం ఉండేది న్యాల్‌కల్.